నారు ఎందుకు సాగిపోతుంది? పక్క మొక్క నీడను పైరు పసిగట్టే జన్యు యంత్రాంగం

సంక్షిప్తంగా: ఒత్తుగా పోసిన మడిలో నారు పీలగా, పొడుగ్గా సాగడానికి వెలుతురు చాలకపోవడం ఒక్కటే కారణం కాదు. పక్క మొక్కల ఆకులను తాకి వచ్చే వెలుగులో రంగుల పాళ్లు మారతాయి. ఆ మార్పును ఫైటోక్రోమ్ అనే ప్రొటీన్ గుర్తుపట్టి, పెరుగుదలకు సంబంధించిన వందల జన్యువుల పనిని మార్చేస్తుంది. మబ్బుకు, షేడ్‌నెట్‌కు, ఆకు నీడకు మొక్క స్పందించే తీరు వేరువేరుగా ఉండేది అందుకే. సాగిన నారుకు యూరియా విరుగుడు కాదు. ఎడం, అదును మాత్రమే పనిచేస్తాయి.

సోమశిల కాలువల కింద వరి నారు పోసే నెల్లూరు రైతుకు, ప్రకాశం జిల్లాలో షేడ్‌నెట్ కింద మిరప నారు పెంచే నర్సరీకి, కొండపి, టంగుటూరు వైపు పొగాకు నారుమళ్లు వేసేవారికి ఏటా ఒకే ఇబ్బంది ఎదురవుతుంది. నారు ఎత్తు పెరుగుతుంది, కాండంలో చేవ ఉండదు. నాటిన మూడో రోజుకే వాలిపోతుంది. దీనికి మామూలుగా వినిపించే కారణాలు రెండు: వెలుతురు చాలలేదని ఒకటి, బలం చాలలేదని ఇంకొకటి. రెండోది నమ్మి యూరియా చల్లితే నారు ఇంకా సాగుతుంది. మొదటిదాంట్లో సగం నిజముంది. ఆ మిగతా సగం మొక్క కణాల్లో జరిగే వ్యవహారం.

నీడలన్నీ ఒకటి కావు

ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, నెల్లూరు ఆకాశం రోజుల తరబడి ముసురుపట్టి ఉంటుంది. చేనుకు అందే వెలుగు బాగా తగ్గుతుంది. అయితే మబ్బు అన్ని రంగులనూ దాదాపు ఒకే పాళ్లలో తగ్గిస్తుంది. నిండు ఎండలో 660 నానోమీటర్ల దగ్గరి ఎరుపు వెలుగుకూ, 730 నానోమీటర్ల దగ్గరి ఫార్‌రెడ్ వెలుగుకూ ఉండే నిష్పత్తి సుమారు 1.2. మబ్బు పట్టినా ఇది పెద్దగా మారదు. ఫార్‌రెడ్ అంటే ఎరుపుకు అవతలి అంచున ఉండే వెలుగు. మనిషి కంటికి అది ఉన్నా లేనట్టే, మొక్కకు మాత్రం అది ముఖ్యమైన సమాచారం.

ఆకు నీడ సంగతి వేరు. ఆకులోని పత్రహరితం నీలం, ఎరుపు వెలుగులను పీల్చుకుని ఫార్‌రెడ్‌ను దాదాపు ముట్టుకోకుండా వదిలేస్తుంది. అందులో కొంత ఆకు గుండా కిందికి దిగుతుంది, కొంత పక్కకు పరావర్తనం చెందుతుంది. అందుకే గుబురుగా పెరిగిన పైరు అడుగున ఎరుపు, ఫార్‌రెడ్ నిష్పత్తి 0.1 దాకా పడిపోతుంది. మబ్బు పట్టినప్పుడు మొక్కకు అందే కబురు ‘వెలుగు తగ్గింది’ అని. ఆకు నీడలో అందేది ‘పక్కన పోటీదారు ఉన్నాడు’ అని. ముసురు రోజుల్లో వరి దిగుబడికి జరిగే నష్టంలో ఎక్కువ భాగం కిరణజన్య సంయోగక్రియ తగ్గడం వల్ల వస్తుంది. ఒత్తు నారుమడిలో జరిగే నష్టానికి ఈ రెండో కబురే మూలం.

షేడ్‌నెట్ ఈ రెండింటికీ మధ్యది. నల్ల నెట్ మబ్బులాగే అన్ని రంగులనూ సమంగా ఆపుతుంది. 50 శాతం నెట్ సగం వెలుగును, 75 శాతం నెట్ మూడొంతుల వెలుగును ఆపుతుంది. ఆకుపచ్చ నెట్ పనితీరు అందులో కలిపిన రంగును బట్టి మారుతుంది. ఎరుపును గట్టిగా ఆపి ఫార్‌రెడ్‌ను వదిలేసే రకాలూ ఉన్నాయి, అవి కొంతవరకు ఆకు నీడనే సృష్టిస్తాయి. ఆకుపచ్చ నెట్ మొక్కకు చలవ అని కొనేవారు చాలామంది. నారు విషయంలో ఆ నమ్మకానికి పునాది లేదు. నల్లదో తెల్లదో మేలు.

అలాగని నల్ల నెట్ కింద నారు సాగదని కాదు. వెలుగు మరీ తగ్గితే నీలం వెలుగు కూడా తగ్గుతుంది. దాన్ని కొలిచే క్రిప్టోక్రోమ్ అనే మరో ప్రొటీన్ ఉంది. ఆ దారిలో అందే కబురు కూడా చివరికి కాండాన్ని సాగదీసే జన్యువుల దగ్గరికే చేరుతుందని 2016లో తేలింది. 75 శాతం నెట్ కింద మిరప నారు తీగలా మారేది ఇలాగే.

రంగును కొలిచే ప్రొటీన్

1952లో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో హ్యారీ బోర్త్‌విక్, స్టెర్లింగ్ హెండ్రిక్స్ బృందం లెట్యూస్ గింజలతో ప్రయోగం చేసింది. ఎరుపు వెలుగు తగిలిస్తే గింజలు మొలిచాయి. వెంటనే ఫార్‌రెడ్ తగిలిస్తే మొలవలేదు. ఎరుపు, ఫార్‌రెడ్ మార్చి మార్చి ఎన్నిసార్లు వేసినా చివరిగా ఏది తగిలిందో దాన్ని బట్టే ఫలితం వచ్చింది. అంటే అక్కడ రెండు స్థితుల మధ్య అటూ ఇటూ మారే పదార్థం ఏదో ఉంది. 1959లో దాన్ని మొక్క కణజాలంలో గుర్తించారు. అదే ఫైటోక్రోమ్.

ఈ ప్రొటీన్‌కు వెలుగును పట్టుకునే చిన్న అణువు ఒకటి అతుక్కుని ఉంటుంది. ఎరుపు తగిలితే ప్రొటీన్ చురుకు రూపంలోకి మారుతుంది, ఫార్‌రెడ్ తగిలితే మళ్లీ నిద్రాణ రూపంలోకి వస్తుంది. నిండు ఎండలో మొత్తం ఫైటోక్రోమ్‌లో సుమారు 60 శాతం చురుకుగా ఉంటుంది. దట్టమైన పైరు అడుగున ఇది 10, 20 శాతానికి దిగుతుంది. రెండు రూపాలూ ఎప్పటికప్పుడు మారుతూనే ఉంటాయి కాబట్టి మొక్క చదివేది నిన్నటి వెలుగును కాదు, ఈ నిమిషపు వెలుగును.

పరిశోధనశాలల్లో ఎక్కువగా వాడే అరాబిడాప్సిస్ అనే ఆవాల కుటుంబపు చిన్న మొక్కలో ఫైటోక్రోమ్ జన్యువులు ఐదున్నాయి, ఏ నుంచి ఈ దాకా. వరిలో ఏ, బీ, సీ అని మూడే. నీడను గుర్తించే పనిలో పెద్ద పాత్ర ఫైటోక్రోమ్-బీది. దాన్ని చెడగొట్టిన మొక్క నిండు ఎండలో ఉన్నా నీడలో ఉన్నట్టే పొడుగ్గా, పాలిపోయి పెరిగి, తొందరపడి పూస్తుంది.

తూము షట్టర్ ఎత్తినట్టు

మొక్కలో సాగే శక్తి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఎండలో దాన్ని ఫైటోక్రోమ్ అణచి ఉంచుతుంది. నిండు కాలువ తూముకు షట్టర్ ఎలాగో, సాగే జన్యువులకు చురుకైన ఫైటోక్రోమ్ అలాగ. నీడ పడితే కొత్తగా నీరు తేనక్కర్లేదు, షట్టర్ లేస్తే చాలు.

షట్టర్ వెనకాల ఉన్నవి, అంటే సాగే జన్యువులను మేల్కొలిపేవి, పిఫ్ అనే ప్రొటీన్ల కుటుంబం. వీటిలో మొదట పిఫ్-3ని 1998లో కాలిఫోర్నియాలో పీటర్ క్వైల్ బృందం కనిపెట్టింది. ఎండ తగిలినప్పుడు చురుకైన ఫైటోక్రోమ్ కణ కేంద్రకంలోకి వెళ్లి పిఫ్‌లను పట్టుకుంటుంది. వాటికి ఫాస్ఫేట్ గుర్తు పడుతుంది, కణంలోని చెత్త విరిచే యంత్రాంగం వాటిని నిమిషాల్లో ముక్కలు చేస్తుంది. పిఫ్-7 పద్ధతి కొంచెం వేరు. అది అంతగా విరగదు, ఫాస్ఫేట్ గుర్తుతో కేంద్రకం బయటే ఆగిపోతుంది. నీడ పడగానే ఆ గుర్తు పోయి లోపలికి వస్తుంది.

లోపలికి చేరిన పిఫ్‌లు డీఎన్‌ఏ మీద సీ-ఏ-సీ-జీ-టీ-జీ అనే ఆరక్షరాల వరుసను వెతికి పట్టుకుంటాయి. ఆ వరుస ఏ జన్యువుల ముందు ఉంటే అవి పనిచేయడం మొదలుపెడతాయి. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్లలో హెచ్-2ఏ-జడ్ అనే రకాన్ని ఆ చోటు నుంచి తొలగించే పని కూడా పిఫ్-7 వల్లే మొదలవుతుంది. అందుకే జన్యువులు అంత త్వరగా తెరుచుకుంటాయి.

తెరుచుకునే జన్యువుల్లో అసలు కీలకం ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోన్‌ను తయారుచేసేవి. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం రెండంచెల్లో ఆక్సిన్‌గా మారుతుంది. మొదటి అంచెను టీఏఏ-1, రెండోదాన్ని యూకా కుటుంబపు ఎంజైములు నడుపుతాయి. టీఏఏ-1 లేని మొక్క నీడలో సరిగా సాగలేదని 2008లో తేలింది. నీడను గుర్తించేది ముఖ్యంగా ఆకు. అక్కడ తయారైన ఆక్సిన్ కాండానికి దిగి కణాల గోడ దగ్గర ఆమ్లత్వాన్ని పెంచుతుంది. దాంతో గోడ వదులై, కణం నీటిని పీల్చుకుని నిలువునా సాగుతుంది. ఆక్సిన్ పెరగడానికి గంట చాలు. ఆవ జాతి మొక్కల కాండానికి ఫార్‌రెడ్ తగిలించి చూసిన పాత ప్రయోగాల్లో పదీ పదిహేను నిమిషాలకే పెరుగుదల వేగం హెచ్చింది.

నారులో చేవ లేకపోవడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. ఈ ఎత్తు కొత్త కణాలు పుట్టి వచ్చింది కాదు, ఉన్న కణాలే సాగి వచ్చింది. గోడలు పలచబడ్డాయి, లోపల నిండింది నీరు. అలాంటి మొక్కకు నత్రజని అందితే సాగే కణాలకు ఇంకాస్త ఊతం దొరుకుతుంది తప్ప గోడ మందం కాదు.

జిబ్బరెల్లిన్ అనే మరో హార్మోన్ కూడా ఈ పనిలో చేయి వేస్తుంది. డెల్లా అనే ప్రొటీన్లు పిఫ్‌లను పనిచేయనివ్వకుండా పట్టి ఉంచుతాయి. నీడలో జిబ్బరెల్లిన్ పెరిగి డెల్లాలు విరిగిపోతాయి, పిఫ్‌లు మరికొన్ని విడుదలవుతాయి. హరిత విప్లవంతో దీనికి నేరుగా సంబంధం ఉంది. 1966లో విడుదలైన ఐఆర్-8 వరి పొట్టిగా ఉండడానికి కారణమైన ఎస్‌డీ-1 జన్యువు జిబ్బరెల్లిన్ తయారీలోని ఒక అంచెను నడిపేదేనని 2002లో బయటపడింది. పొట్టి రకాలు పడిపోవడం తగ్గింది నిజమే కానీ, నీడను గుర్తించే ఫైటోక్రోమ్ వాటిలో యథాతథంగా ఉంది. ఒత్తుగా నాటితే పొట్టి రకం కూడా పిలకలు తగ్గిస్తుంది.

మొక్క తన పరుగుకు తానే కళ్లెం కూడా వేసుకుంటుంది. పిఫ్‌లు మేల్కొలిపే జన్యువుల్లో హెచ్‌ఎఫ్‌ఆర్-1 ఒకటి. దాని ప్రొటీన్ మళ్లీ పిఫ్‌లకే అతుక్కుని వాటిని డీఎన్‌ఏ మీద వాలనివ్వదు. నీడ మరీ చిక్కగా ఉంటే ఫైటోక్రోమ్-ఏ కూడా అడ్డుపడుతుంది. పైన చెట్టు కొమ్మే ఉంటే ఎంత సాగినా ఎండ అందదు కదా. ఎండకు అలవాటుపడిన అరాబిడాప్సిస్‌నూ, నీడను ఓర్చుకునే దాని దగ్గరి బంధువునూ పోల్చి చూస్తే, నీడ ఓర్చే మొక్కలో ఈ కళ్లేలు గట్టిగా కనిపించాయి. పొగాకు, మిరప, వరి, పత్తి ఎండ పైర్లు. సాగడమే వాటి స్వభావం.

నీడ పడకముందే కబురు

కార్లోస్ బయారే బృందం 1990లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో పెద్ద మలుపు. మొక్కల ఆకులు ఒకదాన్ని ఒకటి కప్పుకోకముందే, ఎండ పూర్తిగా తగులుతున్నప్పుడే, పక్క ఆకుల నుంచి అడ్డంగా పరావర్తనం చెంది వచ్చే ఫార్‌రెడ్‌ను కాండం గుర్తుపడుతుందని అందులో తేలింది. నీడ వచ్చేదాకా మొక్క ఆగదు, రాబోతోందని తెలియగానే మొదలుపెడుతుంది.

కలుపు తీసే అదునుకు దీంతో కొత్త అర్థం వస్తుంది. వెదజల్లిన వరిలో ఊద, తుంగ తొలి రెండు మూడు వారాల్లోనే నష్టం చేస్తాయని రైతులకు అనుభవంలో తెలుసు. నీరు, ఎరువు పంచుకోవడమే దానికి కారణమని వివరించేవారు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో మొక్కజొన్న మీద జరిగిన పనిలో, నీటికి, పోషకాలకు కొదువ లేకపోయినా పక్కన కలుపు పచ్చదనం ఉంటే చాలు, మొక్క వేరు, కాండం పాళ్లు మార్చుకుంటుందని కనిపించింది. ఆలస్యంగా కలుపు తీస్తే నీరు, ఎరువు మళ్లీ దక్కుతాయి. మారిన మొక్క ఆకారం మాత్రం పూర్తిగా వెనక్కి రాదు. 20 రోజులకు తీయాల్సిన కలుపును 40 రోజులకు తీస్తే చేను శుభ్రంగా కనిపించినా దిగుబడి తగ్గేది అందుకే.

కలుపు గింజ కూడా ఇదే ప్రొటీన్‌తో నడుస్తుంది. పచ్చని పైరు కింద పడిన కలుపు గింజకు ఫార్‌రెడ్ ఎక్కువగా అందుతుంది, అది మొలవకుండా పడి ఉంటుంది. దుక్కి దున్నినప్పుడు మట్టి తిరగబడి క్షణం పాటు వెలుగు తగిలినా ఫైటోక్రోమ్-ఏకు అది చాలు. దున్నిన వారానికే మడి పచ్చబడుతుంది. దీన్ని తప్పించాలని జర్మనీలో రాత్రిపూట దున్ని కూడా చూశారు. ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు.

ఎత్తు కోసం వదులుకునేవి

కాండానికి వెళ్లే పిండిపదార్థం ఎక్కడో తగ్గాలి. మొదట వేరు తగ్గుతుంది. ఆ తర్వాత పిలకలు, కొమ్మలు.

పిలక మొగ్గను ఆపే జన్యువు టీబీ-1. అడవి మొక్కజొన్న గుబురుగా కొమ్మలు వేస్తే, మనం పండించే మొక్కజొన్న ఒంటి కాండంతో నిలబడడానికి కారణం ఈ జన్యువు పనిలో వచ్చిన తేడానే. జొన్నలో ఫైటోక్రోమ్-బీ ఈ జన్యువును అణచి ఉంచుతుందని, నీడ పడితే ఆ అణచివేత పోయి మొగ్గ నిద్రలోకి వెళుతుందని 2006లో తేలింది. వరికీ ఇదే కుటుంబపు జన్యువు ఉంది. కుదురు మొదట్లో ఎరుపు వెలుగు అందితే మొగ్గ విచ్చుకుంటుంది, పక్క దుబ్బుల ఫార్‌రెడ్ మాత్రమే అందితే విచ్చుకోదు.

15×15 సెంటీమీటర్ల ఎడంలో చదరపు మీటరుకు 44 కుదుళ్లు, 20×15 ఎడంలో 33 కుదుళ్లు పడతాయి. పిలకలు బాగా వేసే రకాన్ని 44 కుదుళ్లతో నాటినా, 33 కుదుళ్లతో నాటినా చివరికి కంకుల సంఖ్య చాలాసార్లు దగ్గరదగ్గరగానే వస్తుంది. మొక్క తన చుట్టూ ఎందరున్నారో లెక్కపెట్టుకుని పిలకలు వేస్తుంది కాబట్టి. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని వ్యవసాయ శాఖ చెప్పేది ప్రధానంగా సుడిదోమ కోసం. గాలి, వెలుతురు అడుగుకు దిగితే దోమ ఉధృతి తగ్గుతుంది. బాట అంచున ఉన్న దుబ్బులు ఎక్కువ పిలకలతో బలంగా కనిపించడానికి మాత్రం ఆ అడుగుకు దిగే ఎరుపు వెలుగుకు కూడా వాటా ఇవ్వాలి.

మూడోది రోగ నిరోధం. పురుగు కొరికినప్పుడు, బూజు సోకినప్పుడు మొక్క జాస్మోనేట్ అనే హార్మోన్‌తో ఎదురుతిరుగుతుంది. ఫార్‌రెడ్ ఎక్కువైతే ఈ హార్మోన్‌కు మొక్క స్పందన మందగిస్తుంది. అరాబిడాప్సిస్‌లో బూజు తెగులు అలాంటి వెలుగులో ఎక్కువగా సోకింది. అయితే మిరప నారుమడిలో నారుకుళ్లు రావడానికి దీన్నే తప్పుపట్టడం అతి అవుతుంది. అక్కడ మొదటి దోషి తడి ఆరని మట్టి, రెండోది ఒత్తు. జన్యువుల పాత్ర ఆ తర్వాతిది.

ఎడగారు వేడిలో ఇంకో చిక్కు

చురుకైన ఫైటోక్రోమ్-బీ వెలుగుతో పనిలేకుండా, వేడికి కూడా నిద్రాణ రూపంలోకి జారిపోతుంది. ఈ ప్రొటీన్ వెలుగునే కాక ఉష్ణోగ్రతను కూడా కొలుస్తుందని 2016లో రెండు బృందాలు వేరువేరుగా నిరూపించాయి. అరాబిడాప్సిస్‌ను 22 డిగ్రీల నుంచి 28 డిగ్రీలకు మారిస్తే, నీడ లేకపోయినా కాండం సాగుతుంది. పనిచేసేది మళ్లీ పిఫ్-4, మళ్లీ ఆక్సిన్. రాత్రి వేళ కొత్తగా వెలుగు పడదు కాబట్టి రాత్రి వేడి ప్రభావం ఎక్కువ.

ఏప్రిల్, మే నెలల్లో నెల్లూరు జిల్లాలో ఎడగారు అనే రెండో పంట వరి కోసం, ఆ తర్వాత ప్రకాశంలో వానాకాలం మిరప కోసం నారు పెంచేవారికి ఒత్తు, వేడి రెండూ ఒకే దిక్కున తోస్తాయి. వేడి తగ్గుతుందని ఇంకో పొర నెట్ కప్పితే వెలుగు తగ్గి మూడో తోపు తోడవుతుంది. నెట్‌ను ఎత్తుగా కట్టి పక్కల గాలి ఆడనివ్వడం, సాయంత్రం కాకుండా తెల్లవారుజామున తడి ఇవ్వడం ఇంతకంటే నయం.

మడిలో, ట్రేలో లెక్క

సాంబ మసూరి లాంటి సన్నగింజ రకానికి వెయ్యి గింజలు 14, 15 గ్రాములు తూగుతాయి. ఎకరాకు 25 కిలోల విత్తనాన్ని 5 సెంట్ల నారుమడిలో పోస్తే చదరపు మీటరుకు సుమారు 124 గ్రాములు, అంటే 8,500 గింజల దాకా పడతాయి. చోటు లేదని అదే విత్తనం 2 సెంట్లలో పోస్తే చదరపు మీటరుకు 21 వేలు దాటుతుంది. చదరపు సెంటీమీటరుకు రెండు మొక్కలు. మూడో ఆకు వచ్చేసరికే అక్కడ అడ్డంగా తిరిగే వెలుగంతా ఫార్‌రెడ్. 5 సెంట్లే పోసినా కాలువ నీళ్లు ఆలస్యమైతే నారు మడిలోనే ముదిరి ఇదే స్థితికి వస్తుంది. పిలక మొగ్గలు అప్పటికే ముడుచుకుని ఉంటాయి. ముదురు నారు నాటేటప్పుడు కుదుళ్లు పెంచి, కుదురుకు 4, 5 మొక్కలు పెట్టమనే సిఫారసు వెనక తర్కం ఇదే. రాని పిలకల లోటును మొక్కల సంఖ్యతో పూడ్చుకోవాలి. ఆకు కొనలు తుంచి నాటితే నీరు ఆవిరైపోవడం తగ్గుతుంది, కాండం తొలుచు పురుగు గుడ్లూ పోతాయి. సాగిన కాండం మాత్రం పొట్టిది కాదు.

మిరప ట్రేలో నిర్ధారణ ఇంకా సులువు. 98 గళ్ల ట్రేలు పక్కపక్కనే పేర్చి ఉన్నప్పుడు వరుస చివరి ట్రేల అంచు మొక్కలనూ, నడుమ ట్రేల మొక్కలనూ పీకి పక్కన పెట్టి చూడాలి. వేరు మొదలు నుంచి బీజదళాల దాకా ఉన్న కాండాన్ని కొలవాలి. నడుమవి పొడుగ్గా, ఆకు కాడలు నిడుపుగా, ఆకులు పైకి లేచి ఉండి, అంచువి పొట్టిగా గట్టిగా ఉంటే అది పక్క మొక్కల ఫార్‌రెడ్ పని. రెండింటికీ ఒకే కోకోపీట్, ఒకే నీరు, ఒకే ఎరువు అందాయి మరి. అంచువీ నడుమవీ సమంగా సాగి ఉంటే నెట్ మరీ చిక్కనిది. రెండూ పొట్టిగా ఉండి కింది ఆకులు పచ్చబారితే అప్పుడు నత్రజని లోపాన్ని అనుమానించాలి.

మొదటి కారణమైతే, ట్రేకు ట్రేకు నడుమ ఎడం ఇవ్వడమే మందు. అది కూడా నిజమైన ఆకులు ఒకదానికొకటి తగలకముందే. బీజదళాల కింద సాగిన కాండం మళ్లీ కురచ కాదు, ఆపగలిగేది ఆ పై కణుపులనే. నాటడానికి వారం ముందు నుంచి రోజూ కొంతసేపు నెట్ తీసి నేరు ఎండ తగిలించి, నీరు తగ్గించాలి. నెట్ లేని ఎండలో అతినీలలోహిత కిరణాలు కూడా ఉంటాయి. వాటిని గుర్తించే యూవీఆర్-8 అనే ప్రొటీన్ పిఫ్‌లను, ఆక్సిన్‌ను అణచి సాగుదలను త్వరగా ఆపుతుంది. గట్టిపడడం అని నర్సరీల్లో చెప్పేది చాలావరకు ఇదే.

పొగాకు గింజ గ్రాముకు 10 వేలకు పైనే ఉంటుంది. అది మొలవడానికి వెలుగు కావాలి, బెల్ట్స్‌విల్ లెట్యూస్‌లాగే. ఇసుకతో కలిపి మడి పైన చల్లి, తేలిగ్గా అదిమి, రోజ్ క్యాన్‌తో తడపడం పాత పద్ధతి. మట్టితో కప్పితే మొలక పలచబడుతుంది. గింజ అంత సన్నది కాబట్టి చేయి కొంచెం జారినా ఒకచోట గుత్తిగా పడి, పక్కన ఖాళీ మిగులుతుంది. గుత్తిగా పడ్డచోట నారును తొలి వారాల్లోనే పలచన చేయకపోతే అక్కడిది నాటుకు పనికిరాదు.

గట్టు మీది చెట్లు

ప్రకాశం జిల్లాలో జామాయిల్, సుబాబుల్ తోటలు పక్కనే ఉన్న చేలకు నీడ ఎంత దూరం పడుతుందన్నది తరచూ తగవు. డిసెంబరు చివర నెల్లూరు అక్షాంశంలో మధ్యాహ్నం సూర్యుడు సుమారు 52 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. 10 మీటర్ల చెట్టు నీడ ఆ వేళ ఉత్తరం వైపు 8 మీటర్ల దాకా పడుతుంది. వేసవిలో నడినెత్తి సూర్యుడి కింద అదే నీడ చెట్టు మొదట్లోనే ఉంటుంది. కాబట్టి రబీ శనగకైనా పొగాకుకైనా నష్టం ఎక్కువగా చేసేది చేనుకు దక్షిణపు గట్టు మీది వరుస. ఆ నీడలో ఉన్న నాలుగైదు సాళ్లు సాగితే కారణం ఆకు నీడ. సాగకుండా కురచగా, వాడిపోయి ఉంటే నీటిని లాగేస్తున్న చెట్ల వేళ్లను చూడాలి. చాలాచోట్ల రెండూ కలిసే ఉంటాయి.

ఈ గుణమే లాభమైన పైరు కూడా ఇక్కడుంది. తీరంలో సరుగుడును 1×1 మీటరు ఎడంలో, ఎకరాకు 4 వేల మొక్కల చొప్పున నాటేది కావాలనే. పక్క మొక్కల పోటీతో కొమ్మలు తగ్గి, నిటారుగా వాసం వస్తుంది. ఎడంగా నాటిన సరుగుడు బోదె లావెక్కుతుంది, కొమ్మలూ ఎక్కువే.

జన్యువును మార్చితే?

ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయ బృందం 1996లో ఓట్స్ మొక్క ఫైటోక్రోమ్-ఏ జన్యువును పొగాకులో ఎక్కువగా పనిచేసేలా పెట్టింది. ఆ పొగాకు మొక్కలు పక్క మొక్కలు దగ్గరైనకొద్దీ సాగడం మాని కురచబడ్డాయి. కాండానికి పోయే పదార్థం ఆకుకు మళ్లింది. ఆకు వాటా 15 నుంచి 20 శాతం పెరిగింది. ఆకే పంట అయిన పైరుకు ఇది ఆకర్షణీయమైన ఫలితమే అయినా, సాగులోకి రాలేదు.

ఫైటోక్రోమ్-బీ ఒక్కటే పూత సమయాన్ని, పిలకలను, వేడికి స్పందనను, గింజ మొలకను తాకుతుంది. దాన్ని కదిలిస్తే ఇవన్నీ కదులుతాయి. హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి జన్యు సవరణతో చేసిన డీఆర్‌ఆర్ ధాన్ 100, కమల, 2025 మేలో ప్రకటితమైంది. అందులో మార్చింది గింజల సంఖ్యను నియంత్రించే జన్యువును, నీడకు సంబంధించినదాన్ని కాదు. ఇక్కడ ఇష్టపడే సన్నగింజ రకంలో అలాంటి సవరణ సాధ్యమేనని మాత్రం దాంతో రుజువైంది.

ఒత్తును తట్టుకునే పైర్లను తేవడంలో ఇప్పటిదాకా గట్టి ఫలితం ఇచ్చింది వేరే దారి. అమెరికా మొక్కజొన్నలో దశాబ్దాలుగా హెక్టారుకు మొక్కల సంఖ్య రెట్టింపు దాటింది. హైబ్రిడ్లు నీడను గుర్తించడం మానలేదు, వాటి ఆకులు నిటారుగా లేచాయి. ఆకు నిటారుగా ఉంటే ఎరుపు వెలుగు అడుగుదాకా దిగుతుంది, పక్క మొక్కకు కబురు ఆలస్యంగా అందుతుంది. వరిలో బ్రాసినోస్టెరాయిడ్ హార్మోన్ తయారీ జన్యువు ఒకదాన్ని తగ్గించినప్పుడు కూడా ఆకులు నిటారుగా వచ్చి, ఒత్తు నాట్లలో అదనపు ఎరువు లేకుండానే దిగుబడి పెరిగిందని 2006లో జపాన్ బృందం చూపింది. రకం ఎంచుకునేటప్పుడు పిలక దశలో ఆకు కోణం ఎంతుందో చూసి, వాలే ఆకుల రకానికి 20×15, నిటారు ఆకుల రకానికి 15×15 అని ఎడం నిర్ణయించుకోవచ్చు.